పసుపు పూసిన పళ్లచక్రం

పూతలపట్టు కూడలిలో ఆ రోజు పొద్దున భానుచందర్ అనే కుర్రవాడు పెట్టిన కేకలకు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్సు సంగతే మరిచిపోయారు. వాడు తిరుపతి నుంచి వచ్చాడు. నడుమెత్తు టైర్లు, నెత్తిన వరసగా లైట్లు, ఎక్కాలంటే నిచ్చెన కావలసినంత జీపు. జీపు ఎంత ఎత్తో గొంతూ అంత ఎత్తు.

"ఏందన్నా నువ్వు చేసిన పని? మలుపు తిరిగినప్పుడల్లా వెనకాల టక్కు టక్కు టక్కు అంటావుండాది! వెనక చక్రాలకు లాకరు బిగించమని ఇస్తే ఉన్నదాన్ని ఇరగ్గొట్టి పంపిస్తావా?"

షెడ్డులోంచి బయటికొచ్చిన మెకానిక్ మునికృష్ణ సన్నటి మనిషి. నలభై దాటి ఉంటాయి. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, పక్క వీధివాళ్ల సంగతేదో వింటున్నట్టు, వాడి మాటలు అయిపోయేదాకా విన్నాడు.

రోడ్డు పక్క సిమెంటు దిమ్మె మీద చిత్తూరు బస్సు కోసం కూర్చున్న చంద్రకాంతమ్మ కొంగు సర్దుకుని నిటారుగా అయింది. డెబ్బై రెండేళ్ల ఆవిడకు తగాదా అంటే, కొందరికి పొద్దుటి కాఫీ ఎట్లాగో అట్లాగ. చదువు రెండో తరగతిలో ఆగింది కాని మాట మాత్రం ఎక్కడా ఆగలేదు. ఊళ్లో తన నోటికి ఎదురు నిలిచినవాళ్లు లేరు. ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఆవిడే చెబుతుంది. కుర్రవాణ్ణి చూసి, వీడికి గొంతుంది, పట్టు లేదు అనుకుంది. మెకానిక్‌ను చూసి, ఇంత మెల్లగా మసిలేవాడు గెలిచినట్టే అనుకుంది.

 మునికృష్ణ జాకీ తెచ్చి జీపు వెనక భాగం లేపాడు. వెనక చక్రాలు రెండూ గాలిలోకి లేచాయి. బండిని గేరులో పెట్టాడు.

"రా నాయనా. ఈ పక్క చక్రాన్ని పట్టుకో. కదలనీవద్దు."

కుర్రవాడు పట్టుకున్నాడు. మునికృష్ణ రెండో చక్రాన్ని చేత్తో తిప్పాడు. టక్కు, టక్కు, టక్కు.

"నువ్వు విన్న సద్దు ఇదేనా?"

"ఇదే! ఇదే!"

"మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాల, లోపలిది తక్కువ పోవాల. ఈ లాకరు రెండింటినీ ఒకే కట్టుగా పట్టుకోనుంటాది. మలుపొస్తే బయటిదాన్ని పోనిస్తాది. ఊరికే పోనీదు, ఒక్కో పన్నూ ఎంచుకుంటా పోనిస్తాది. నీకు వినబడేది అదే. ఆ సద్దు వినపడని రోజు రా. ఆ రోజు నువ్వు తిట్టు, నేను తలొంచుకుని పడతా."

"ముందే చెప్పొచ్చు గదన్నా?"

"చెప్పినాను. అప్పుడు నువ్వు ఫోనులో నీ బండిని ఈడియో తీసుకుంటావుండావు."

బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా ఘొల్లున నవ్వారు. భానుచందర్ కూడా నవ్వేశాడు. అంతే, తగాదా అయిపోయింది. ఇంతలో చిత్తూరు బస్సు వచ్చింది, పోయింది. చంద్రకాంతమ్మ ఎక్కలేదు. గొంతు పెంచకుండా గెలిచిన మనిషిని ఆవిడ తన బతుకులో మొదటిసారి చూసింది. నేరుగా షెడ్డుకు నడిచింది.

"ఏమబ్బా, నా దగ్గర ఒక జీపుండాది. మా ఆయన కొన్నది. నాలుగు చక్రాలూ లాగుతాది. అయినా కొండెక్కదు."

ఇంతకుముందు ఆవిడ కలిసిన మెకానిక్కులందరూ ఏ సంవత్సరం బండి, ఏ ఇంజిను అని అడిగారు. ఇతను అడిగింది వేరే.

"అది యాడికి పోవాలమ్మా?"

చంద్రకాంతమ్మ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. 

పోవలసింది ఎగువ తోటకు. ఊరి వెనక కొండ నడుమన, మబ్బు తగిలేంత ఎత్తున నలభై మామిడి చెట్లు. కాపురానికొచ్చిన మూడో ఏటి నుంచి ఏడాదికొకటిగా ఆవిడే నాటింది. నెత్తిన నీళ్ల బిందెలు పెట్టుకుని ఎక్కి ఒక్కో మొక్కకూ పోసింది. ఎవరితో పోట్లాడితే ఆ ఏటి మొక్కకు వాళ్ల పేరు పెట్టేది. ఆడబిడ్డ చెట్టు కాయలు ఎంత మాగినా పులుపే. కరణం చెట్టు ఏడు విడిచి ఏడు కాస్తుంది, అదీ చూసేవాళ్లు లేనప్పుడు. పాలాయన చెట్టు కాయలో రసం తక్కువ, నీళ్లు ఎక్కువ. చిట్టచివర, బండ అంచున ఉన్న నీలం చెట్టుకు మాత్రం ఎవరి పేరూ లేదు. ఆ ఏడు ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు. ఎందుకో ఆవిడకే గుర్తులేదు.

నాలుగేళ్ల కిందటి వానకు గుండ్లవంక దగ్గర దారి కోసుకుపోయింది. అక్కడ మలుపు. ఎడమ పక్క బండ, కుడి పక్క గొయ్యి. జీపు అక్కడికి పోయేసరికి వెనక చక్రం ఒకటి గాలిలోకి లేస్తుంది. గాలిలో ఉన్నది గిరగిరా తిరుగుతుంది, నేల మీద ఉన్నది నిలబడి చూస్తుంది. "అచ్చం మా మరుదుల మాదిరే," అనేది చంద్రకాంతమ్మ. "పని లేనోడు తెగ తిరుగుతాడు, పనుండేటోడు కదలడు." కాయలు కోసేవాళ్లు నడిచి ఎక్కి, గంపలతో దించుతున్నారు. ఆవిడ మోకాళ్లు ఎక్కవు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుపోతామన్నారు. "మోసే రోజు ఎట్లా వస్తాది గదా, తొందరెందుకు?" అని వాళ్లను పంపేసింది.

అయితే ఆవిడ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మధ్యాహ్నం అన్నం తిని, వసారాలో చాప మీద ఒరిగి కళ్లు మూసుకుంటే చాలు, తోటలోకి పోయేది. కంప తడిక తోసుకుని ఆడబిడ్డ చెట్టు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో చెట్టునూ తాకుతూ, ఎండుటాకులు కాళ్ల కింద గలగలమంటుంటే పైకి నడిచేది. మొదటి ఏడు చివరిదాకా పోయింది. రెండో ఏడు ముప్పై చెట్లు. ఈ ఏడు కరణం చెట్టు దాటేసరికి పొగమంచు అడ్డం వస్తోంది, మెలకువ వచ్చేస్తోంది. చివరి చెట్టు ఏ వైపు వంగి ఉండేదో, మొదలు దగ్గర ఎన్ని కొమ్మలుగా చీలిందో ఎంత తలుచుకున్నా అందడంలేదు. కళ్లారా ఒక్కసారి చూడకపోతే తోట మొత్తం ఒక్కో చెట్టూ తనలోంచి జారిపోతుందని ఆవిడకు భయం. ఈ భయాన్ని మునికృష్ణకు చెప్పలేదు. "ఎగువ తోటకు పోవాల. బండి సీట్లో కూచోని పోవాల," అని మాత్రం చెప్పింది.

మనవడు నవీన్ జీపును షెడ్డుకు తెచ్చాడు. ఆవిడ సేద్యమంతా చూసుకునేది వాడే. ఫోనులో చూసినవన్నీ ముందుపెట్టాడు.

"అన్నా, గాలి లాకరే పెట్టు. స్విచ్ నొక్కితే చాలు, గాలి పోయి లోపల లాకు పడతాది. సూడు ఎట్లుందో!"

"బాగుంటాది," అన్నాడు మునికృష్ణ. "దానికొక గాలి మిషను కావాల, ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి పైపు పోవాల. మీ జీపు ఏడాదిలో ఎన్ని నెలలు కొట్టంలో ఉంటాది?"

"తొమ్మిది," అంది చంద్రకాంతమ్మ. "ఎలుకలు సీటు తోలే తినేసినాయి."

"అయితే పైపును వదుల్తాయా?"

"సరే అన్నా, అవ్వ చెప్పిందే, ఆ తిరుపతి బండికి ఏసినావని, తనంతట తనే పట్టుకునేది? అది ఎయ్యి."

"అది ఎప్పుడూ పట్టుకోనే ఉంటాది. తారు రోడ్డు మీద మీ అవ్వను చిత్తూరు ఆస్పత్రికి తీసకపోతావు, ఆడ కూడా టక్కు టక్కు. వానలో రోడ్డు నున్నగా ఉంటే తోక ఝాడిస్తాది. తోలేవాడికి అలవాటు కావాల."

"మరి ఏం పెడతావబ్బా? ఏదీ వద్దంటావే!" అంది చంద్రకాంతమ్మ.

"దారి సూడకుండా ఎట్లా చెప్పేదమ్మా?"

మర్నాడు పొద్దున ఒక్కడే కొండెక్కాడు. పొద్దు వాలే వేళకు దిగి వచ్చాడు. మోకాళ్లకు ఎర్రమన్ను, జేబులో దారపు ఉండ. ఆ దారంతోనే గొయ్యి లోతూ మలుపు వెడల్పూ కొలిచి ముళ్లు వేసుకొచ్చాడు. వసారా మెట్టు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు.

"తోటదాకా పోయినానమ్మా. ఆ చివరాకర్న ఒక చెట్టుంది…"

"చెప్పొద్దు!" అని అరిచినంత పనిచేసింది చంద్రకాంతమ్మ. తర్వాత గొంతు దించి, "నేనే సూస్తా," అంది.

మునికృష్ణ ఆవిడ ముఖం వంక ఒక క్షణం చూశాడు. తల ఊపాడు. 

చివరికి అతను ఎంచింది చేత్తో లాగే లివరు రకం. సీట్ల మధ్య ఒక పిడి. దాన్నుంచి సైకిలు బ్రేకు తీగలాంటిది వెనక చక్రాల మధ్య ఉండే గుండ్రటి ఇనప పెట్టెకు పోతుంది. లాగితే లోపల పళ్లు పళ్లలో కూర్చుని రెండు చక్రాలూ ఒకటైపోతాయి, వదిలితే విడిపోతాయి. వెనక మాత్రమే. "ముందర చక్రాలకు కూడా ఏస్తే స్టీరింగు తిరగదు. ఆడ ఉండేది మలుపు," అన్నాడు. నవీన్ మూతి ముడుచుకున్నాడు. స్నేహితులకు చూపించడానికి అందులో ఏ స్విచ్చూ లేదు.

సామాను మద్రాసు నుంచి బస్సు పార్శిలులో వచ్చింది. పని మొదలైన రోజు నుంచి చంద్రకాంతమ్మ రోజూ మొదటి బస్సుకు వచ్చి, షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. తన బండి పొట్ట ఎవడో కోస్తుంటే ఇంట్లో కూర్చోవడం ఆవిడకు చేతకాదు. చేతకానిది ఇంకొకటి, మాట్లాడకుండా కూర్చోవడం. అతను బోల్టులు విప్పుతుంటే ఆవిడ అతని బతుకు విప్పింది.

నగరిలో పుట్టాడు. నాయన మరమగ్గం మీద కూలి. పన్నెండేళ్లకే మగ్గం ఆగిపోతే ఏ పోగు దగ్గర ఆగిందో చప్పుడును బట్టి చెప్పేవాడు. ఆ పోగుల మధ్య పెరిగినందుకే ఇనప పళ్ల మధ్య సందును కూడా మొదట దారం దూర్చి చూస్తాడు, ఆ తర్వాతే కొలత పరికరం పెడతాడు. శ్రీ సిటీలో ఒక బండ్ల ఫ్యాక్టరీలో రెండేళ్లు చేశాడు. రోజంతా ఒకటే బోల్టు.

"మంచి పనే గదబ్బా, ఎందుకు మానుకుంటివి?"

"నేను బిగించిన బండి యాడికి పోతావుందో తెలిసేది కాదమ్మా."

ఆ ఫ్యాక్టరీలోనే గ్రేసీ పరిచయం. ఇప్పుడు షెడ్డు పక్కనే రేకుల గదిలో జాకెట్లు కుడుతుంది. చంద్రకాంతమ్మ ఆమె గురించి ముందే విని ఉంది. కూడలిలో ఎవరిని కదిపినా చెబుతారు. ఇతను దేవుడి గుడికి, ఆమె ప్రార్థన మందిరానికి. పెళ్లి చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసులో.

"మీవాళ్లెవురూ రాలేదా?"

"ఎవురూ రాలేదు."

"ఆమెవాళ్లు?"

"వాళ్లూ రాలేదు. సంతకం పెట్టినాము, బయటికొచ్చి టీ తాగినాము, బస్సెక్కినాము." అతను నవ్వుతూనే చెప్పాడు. కాని పానా మీది చెయ్యి కాసేపు ఆగింది. చంద్రకాంతమ్మ అది చూసింది. చూసి కూడా, "చేసుకునేటప్పుడు తెలీదా మరి," అంది. గ్రేసీ గ్లాసుతో టీ తెచ్చి ముందు పెడితే, "నాకు టీ పడదు" అని మొహం తిప్పుకుంది. ఇంట్లో రోజూ నాలుగు గ్లాసులు పడేది.

రెండో రోజు మధ్యాహ్నం. వేపచెట్టు గాలికి షెడ్డు రేకులు మెల్లగా కిర్రుమంటున్నాయి. గేరు నూనె వాసన, పక్క గదిలో కుట్టుమిషను చప్పుడు, దూరంగా లారీల ఊళ. చంద్రకాంతమ్మ కళ్లు వాలిపోతున్నాయి. సగం తోటలో, సగం షెడ్డులో ఉంది. ఆ సగం నిద్రలో ఆవిడ చూసింది ఇది: మునికృష్ణ కొత్త లాకరుకు పెద్ద పళ్లచక్రాన్ని బిగించి, ఒక చిన్న డబ్బాలోంచి పసుపు తీశాడు. నూనెలో రంగరించాడు. వేలితో ఒక్కో పంటికీ మెల్లగా, పెళ్లికూతురి పాదాలకు పూసినట్టు పూశాడు. చక్రాన్ని తిప్పాడు. వంగి చూశాడు. మళ్లీ పూశాడు.

పూజ చేస్తున్నాడు అనుకుంది. గంట లేదు, కర్పూరం లేదు, మంత్రం లేదు. గొంతు పెంచనివాడి పూజ కూడా ఇట్లాగే ఉంటుంది కాబోలు. ఏం చేస్తున్నావని అడిగి ఉంటే సరిపోయేది. తెలియని సంగతి అడగడం చంద్రకాంతమ్మ వంశంలో లేదు.

అతను పసుపు కడగడానికి కిరసనాయిలు తేవాలని బయటికి పోయాడు. ఆవిడ లేచింది. కొంగుముడిలో మొన్న కాణిపాకంలో తెచ్చుకున్న అక్షింతలున్నాయి. మూడు వేళ్లతో చిటికెడు తీసి, ఆ పసుపు పళ్ల మీద చల్లింది. రెండు చేతులూ జోడించింది.

"నన్ను పైకి తీసకపో నాయనా," అంది ఇనుముతో.

పసుపు మీద పసుపు గింజలు. అతను తిరిగొచ్చి, కిరసనాయిలు పోసి, గుడ్డతో తుడిచి, సాయంత్రానికి అన్నీ మూసి బిగించాడు.

మర్నాడు షెడ్డు వెనక వాననీటి కాలవ దగ్గర పరీక్ష. జీపును ఏటవాలుగా దింపి ఒక వెనక చక్రం గాలిలో నిలిపాడు. లివరు లాగాడు. సగం వచ్చి ఆగింది. మళ్లీ లాగాడు. సగమే. బండిని కదిలించాడు. గాలిలోని చక్రం గిరగిరా తిరిగింది, నేల మీదిది నిలబడి చూసింది. పాత కథే.

"నేను మొదట్నే చెప్పినానా అవ్వా?" అన్నాడు నవీన్. "గాలిది పెట్టించుంటే స్విచ్ నొక్కేదానికి సరిపోయేది. దారాలు పెట్టి కొలిచేవాళ్లతో పని చేపిస్తే ఇట్లనే ఉంటాది."

చంద్రకాంతమ్మ అందిన బస్సెక్కి ఇంటికి పోయింది.  ఆ మధ్యాహ్నం ఇంట్లో చాప మీద ఒరిగితే ఆడబిడ్డ చెట్టు కూడా సరిగ్గా కనబడలేదు.

మర్నాడు పొద్దున మునికృష్ణ మళ్లీ అన్నీ విప్పాడు. లాకరును బల్ల మీద పెట్టి, మెడ వంచి చాలాసేపు చూశాడు. గ్రేసీని పిలిచి సూది అడిగాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. లాకు పళ్లు వచ్చి కూర్చోవలసిన గాడిలోకి సూది దూర్చి, ఏదో మెల్లగా పెకలించాడు. సూది మొన మీద నలిగిన పసుపు బియ్యపు గింజ.

దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత కుర్చీ వైపు చూశాడు. చంద్రకాంతమ్మ చెయ్యి దానంతట అదే కొంగుముడిని మూసేసింది.

అప్పుడే నవీన్ బైకు దిగి లోపలికొచ్చాడు. "ఏమైందన్నా? తెలిసిందా?"

మునికృష్ణ సూదిని గుడ్డకు తుడిచాడు.

"తెలిసింది. నేనే లోపల సందులో పెట్టే పలచ రేకు ఒకటి తేడాగా పెట్టినాను. తప్పు నాదే."

"చెప్పినానా!" అని నవీన్ ఇంకేమేమో అన్నాడు. మునికృష్ణ తలొంచుకుని విన్నాడు. తిరుపతి కుర్రవాణ్ణి నాలుగు మాటలతో కూర్చోబెట్టిన మనిషి, ఈ రోజు గెలవగలిగి కూడా ఓడిపోతున్నాడు. చంద్రకాంతమ్మ బతుకంతా తన తగాదాలు తనే పోట్లాడుకుంది. తన తరఫున వేరొకరు మాటపడటం ఎట్లా ఉంటుందో ఆవిడకు తెలియదు. 

"ఒరే, నోరు ముయ్యరా!" అంది మనవడితో.  కాసేపటికి పక్క గది వైపు తిరిగి, "ఏమ్మా, టీ ఉందా?" అని కేకేసింది. గ్రేసీ తెచ్చిన గ్లాసు ఖాళీ చేసి, "చక్కెర ఎక్కువైంది," అంది. ఇంకో గ్లాసు తాగింది.

జూను మొదటి వాన పడి మన్ను అణిగిన పొద్దున బయలుదేరారు. మునికృష్ణ తోలాడు. బరువు తక్కువుండాలని నవీన్‌ను కొండ కింద దింపేశారు. పొద్దు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. పొదల మీద, బండల మీద పాలలాంటి మంచు. జీపు మొదటి గేరులో, నాలుగు చక్రాలతో, ముసలావిడ గొణిగినట్టు గొణుగుతూ ఎక్కుతోంది. చంద్రకాంతమ్మ ఒక చేత్తో ముందున్న కమ్మీ పట్టుకుని, ఒక చెయ్యి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇది మెలకువో, మధ్యాహ్నపు చాపో ఆవిడకు సరిగ్గా తేలడంలేదు. మంచులోంచి చెట్లు ఒక్కొక్కటే వచ్చి పక్కగా తప్పుకుంటున్నాయి.

గుండ్లవంక మలుపు దగ్గర మునికృష్ణ బండి ఆపాడు.

"అమ్మా, ఈడ బండి ఆపినాకే లాకు ఎయ్యాల. చక్రం గిరగిరా తిరిగేటప్పుడు ఏస్తే లోపల పళ్లు ఇరుగుతాయి. నా చేతులు రెండూ స్టీరింగు మీద ఉండాల. నేను ఊ అంటానే మీరు లివరు లాగండి. బండ దాటినాక మళ్లా ఊ అంటా, వదిలేయండి."

"నేనా?"

"పైకి పోవాల్సింది మీరే గదా."

ఆవిడ లివరు మీద చెయ్యి వేసింది. తీసేసింది.

"ఒక మాట అబ్బా. ఆ గింజ నాది."

"తెలుసమ్మా."

"పసుపు పూస్తావుంటే పూజ అనుకుంటి."

"పళ్లు యాడ ఒరుసుకుంటే ఆడ పసుపు చెరిగిపోతాది. సరిగ్గా నడిమిన చెరిగితే పని బాగున్నట్టు. దానికని పూసినాను. పూసేటప్పుడు మీకు చెప్పకపోవడం నాది. గింజలు చల్లినాక చెప్పకపోవడం మీది. చెరి సగం." స్టీరింగు మీద రెండు చేతులూ బిగించాడు. "ఊ."

లాగింది. లివరు పూర్తిగా వచ్చింది. సీటు కింద ఎక్కడో లోతున, తలుపు గడియ పడినట్టు ఒక్క చప్పుడు. జీపు ముందుకు ఒరిగింది. కుడి పక్క గొయ్యి తెరుచుకుంది. వెనక చక్రం నేల విడిచి లేచింది. ఆవిడ కళ్లు మూసుకుంది, గిర్రుమనే చప్పుడు కోసం. రాలేదు. గాలిలోని చక్రం నేల మీదిదాంతో కలిసి, దాని చెయ్యి పట్టుకున్నట్టు, మెల్లగా, అదే నడకలో తిరిగింది. నేల మీదిది బండను కరుచుకుని తోసింది. జీపు ఒకసారి మూలిగి, ఎక్కింది.

"ఊ," అన్నాడు మునికృష్ణ. ఆవిడ వదిలింది. మలుపు తిరిగింది. ఎదురుగా కంప తడిక.

తోటలో మంచు ఇంకా నేల మీదే పడుకుని ఉంది. చంద్రకాంతమ్మ కర్ర ఊనుకుని దిగింది. ఆడబిడ్డ చెట్టు నిండా కాసింది, పులుపుకు తగ్గట్టు. పాలాయన చెట్టు కొమ్మ ఒకటి విరిగింది. కరణం చెట్టు దగ్గర ఆవిడ అడుగు ఆగింది. రోజూ మెలకువ వచ్చే చోటు అది. మెలకువ రాలేదు. ఎండుటాకులు కాళ్ల కింద గలగలమన్నాయి. ఇంకో అడుగు వేసింది. ఇంకోటి.

చివరి చెట్టు ఆవిడ అనుకున్నట్టు లేదు. మూడు కొమ్మలుగా చీలింది. ఒక కొమ్మ బండ అంచు దాటి లోయ మీదికి పోయింది, ఇంకోటి ఆకాశంలోకి పోయింది. మూడోది వంగి వంగి, నేలకు తగిలి, మోచెయ్యి ఆనించిన మనిషిలా కూర్చుని ఉంది. చంద్రకాంతమ్మ ఆ కొమ్మ మీద కూర్చుంది. కింద మంచు చీలి పూతలపట్టు రోడ్డు, పొలాలు, ఎక్కడో కూత పెట్టే రైలు మెల్లమెల్లగా బయటపడ్డాయి.  మునికృష్ణ దూరంగా జీపు కింద వంగి, నూనె కారుతోందేమో చూస్తున్నట్టు చూస్తున్నాడు. కారడంలేదని అతనికీ తెలుసు.

"ఇట్రా," అని పిలిచింది. అందేంత ఎత్తులో ఉన్న కాయ ఒకటి తుంచి అతని చేతిలో పెట్టింది. "నీలం. ఇంకా పది దినాలకు గాని మాగదు. తీసకపో." చేతికంటిన సొన కొంగుకు తుడుచుకుంది. "నాకు ఒకరి మంచితనం నెత్తిన మోసే అలవాటు లేదబ్బా. ఏం కావాలో అడుగు. ఏదైనా సరే అడుగు."

మునికృష్ణ కాయను రెండు చేతుల మధ్య తిప్పాడు, బేరింగు నునుపు చూసినట్టు.

"ఏమీ వద్దులేమ్మా."

"అడగమంటా ఉంటే!"

అతను లోయ వంక చూశాడు. 

"మీ కొంగుముడిలో అక్షింతలు ఇంకా ఉండాయా?"

"ఉండాయి. ఎందుకు?"

"వచ్చే ఆదివారం, గ్రేసీ ప్రార్థనకు పోయి వచ్చినాక, ఒకసారి మా ఇంటికాడికి రండమ్మా. మా పెళ్లిలో ఎవురూ ఎయ్యలేదు. మీరొచ్చి నాలుగు గింజలు మా ఇద్దరి నెత్తిన ఎయ్యండి. ఈసారి సందుల్లోకి పోయినా పరవాలేదు."